దేవవ్వ అడిగిన ఇంటి పసుపు

కోటగిరి దిక్కు మా ఊళ్లె పసుపు ఉడకబెట్టుడంటే దేవవ్వ పేరే చెప్పాలె. కొప్పెర కింద ఎండిన చెరుకాకు ఎగదోసుకుంట, ఆవిరి వాసన చూసి "ఇగ దించుండ్రి" అనేది. పుల్ల గుచ్చి చూసే పనే లేదు. ఆమె ఉడికించిన పసుపుతోనే నేను నిజామాబాద్ మార్కెట్ల పన్నెండేండ్లు వరుసగ మొదటి నంబరు కొట్టిన.

నేను చదివింది మా ఊరి బడిల ఐదో తరగతే. అయినా రెండుసార్లు సర్పంచ్ అయిన. ఊరికి కాలువ నీళ్లు తెప్పిచ్చిన. నా చెరుకుతోట చూసెటందుకు రుద్రూర్ ఎవసాయ ఫారం సార్లు జీపుల వచ్చిండ్రు. నా పసుపు బస్తాలు నాందేడు, సాంగ్లీ, బొంబాయి, ఢిల్లీ పోయినయి. బండ్లు కట్టేటప్పుడు ఆ ఊర్ల పేర్లు గట్టిగ చదువుతుంటే దేవవ్వ నవ్వేది.

"పటేలా, నువ్వు బస్సు కండక్టరు కావాల్సిన మనిషివి."

పద్దెనిమిదేండ్లకే ఆమె మొగడు పోయిండు. పిల్లలు లేరు. తల్లి చనిపోతే ఆరేండ్ల చెల్లె వెంకటవ్వను తానే సాదింది, పెద్దగైనంక బోధన్‌ల ఇచ్చి పెండ్లి చేసింది. వెంకటవ్వ అక్కడ బీడీలు చుట్టేది. దేవవ్వకు లోకంల ఉన్నది ఆ ఒక్క చెల్లెనే.

పసుపు ఎండినంక డ్రమ్ముల ఏసి తిప్పుతరు. పొట్టు రాలి కొమ్ము నున్నగైతది. ఆఖరి తిప్పుడుకు నేను ఒక డబ్బాలకెల్లి రంగుపొడి రెండు దోసిళ్లు చల్లేటోన్ని. కొమ్ము బంగారం లెక్క మెరిసేది. ఆ పొడి ఏందో నేను అడగలె, అమ్మినోడు చెప్పలె. మా ఇంట్ల తినెటందుకు మాత్రం ఒక బస్తా డ్రమ్ముల ఎయ్యకుండ పక్కకు పెట్టేటోన్ని. ఎందుకు పెడుతున్నవని ఎన్నడు నన్ను నేను అడుగుకోలె.

తొంభై ఏడుల వెంకటవ్వకు రొమ్ముల గడ్డ లేచింది. హైదరాబాద్ పెద్ద దవాఖానల క్యాన్సర్ అన్నరు. మూడు వారాలకొక ఇంజక్షన్, మొత్తం ఆరు. దేవవ్వ ప్రతిసారి చెల్లె పక్కన బస్సుల కూసోని పోయేది. ఆ దవాఖానల ఒక డాక్టరమ్మ ప్రతి ఇంజక్షన్‌కు ముందు రక్తం తీసి గాజు పలకల మీద ఏసి భూతద్దంల చూసేది.

"ఈ మందు గడ్డనే కాదమ్మా, మంచి కణాల్లోని డీఎన్‌ఏ పోగుల్నీ తెంపుతుంది," అన్నదట. "ఉసిరి, ఆకుకూరలు, పసుపు తింటే ఆ నష్టం కొంత తగ్గుతుందేమోనని చూస్తున్నాం. ఇంకా తేలలేదు. కూరల్లో వేసుకునేంత వేసుకోండి, మందులాగా మింగొద్దు."

ఆ మొదటి ఇంజక్షన్ నాడే దేవవ్వ బస్సు దిగి సక్కగ మా ఇంటికే వచ్చింది.

"పటేలా, ఇంటి పసుపు ఒక రెండు కిలోలియ్యి. చెల్లెకు."

"గా మెరుపు లేని మొద్దు పసుపా? డాక్టర్లు చూస్తే నా పరువేం కావాలె? మొదటి నంబరుదే ఇస్త, తీస్కపో."

"మెరుపు నాకెందుకు పటేలా? ఇంట్లదే ఇయ్యరాదా?"

"నా చెయ్యి మీదికెల్లి తక్కువది పోదు, దేవవ్వ."

ఆమె సంచి పట్టింది. నేనే నింపిన. నా అరచేతులకు రంగు అంటింది. బాయికాడ కడుక్కున్న, రెండుసార్లు కడిగితే గాని పోలె.

ఇంకో రెండు ఇంజక్షన్లు దాటినయి. వెంకటవ్వ కాళ్లు గుంజుడు, కడుపుల నొప్పి, నిద్ర లేకపోవుడు. ఇంజక్షన్ మహిమే అనుకున్నరు. నాలుగోదానికి పోతే డాక్టరమ్మ గాజు పలక మీదికెల్లి తల ఎత్తలేదట.

"తగ్గాల్సిన నష్టం పెరిగిందమ్మా. రక్తం కూడా పడిపోయింది. ఏం తింటున్నారు?"

దేవవ్వ సంచిలకెల్లి కొమ్ము తీసి సంబరంగ చూపింది. "మా పటేలుది. మొదటి నంబరు."

డాక్టరమ్మ ఆ కొమ్మును గిలాసెడు నీళ్లల్ల ఏసింది. నీళ్లు కదపకుండనే పచ్చటి మడ్డి అడుక్కు దిగింది. రంగు పోయి బయటపడ్డ కొమ్ము మా ఇంటి పసుపు లెక్కనే మొద్దుగున్నది.

"ఇది పైన పూసిన రంగు. సీసం ఉండొచ్చు, పరీక్షకు పంపుతాను. వెంటనే ఆపేయండి."

పరీక్షల సీసమే తేలింది. రక్తం ఎక్కేదాక ఇంజక్షన్ ఆపిండ్రు. వారం అన్నది తొమ్మిది వారాలైంది. గడ్డ మాత్రం ఆగలె. వానలు పడ్డంక వెంకటవ్వ పోయింది. రంగు వల్ల ఎంత, మందు వల్ల ఎంత, రోగం వల్ల ఎంతనో చెప్పలేమని డాక్టరమ్మ అన్నదట. ఆ మాట పట్టుకొని నేను చాన్నాళ్లు ధైర్యంగ తిరిగిన.

మళ్ల పసుపు కాలం వచ్చింది. దేవవ్వ రాదనుకున్న. వచ్చింది. కొప్పెర దించింది, ఎండబెట్టింది. డ్రమ్ము తిప్పేనాడు దాని ముంగట గొంతుకూసున్నది.

"డబ్బా తే పటేలా. ఎంత చల్లుతవో చూస్త."

నేను తేలె. డబ్బా పెరట్ల గుంత తీసి పాతిపెట్టిన. ఆ ఏడు నా పసుపు మొద్దుగ మార్కెట్‌కు పోయింది, నన్ను చూసి పలకరిచ్చే బేరగాడు లేకపాయె.

బండి కట్టేటప్పుడు దేవవ్వ చెక్కకు ఆనుకొని నిలవడ్డది.

"పటేలా, మన పాత బస్తాలు ఏ ఏ ఊర్లకు పోయినయో, మళ్లొకసారి చదువు."

నాందేడు అన్న. సాంగ్లీ అన్న. బొంబాయి కాడ ఆగి, బండి తాడు ఇంకోసారి బిగించిన.

"ఇంకా?" అన్నది.