చిన్న వేషాల అన్నయ్య

మా అన్నయ్య సినిమాల్లో వేషాలు వేసేవాడు. అవి పెద్ద వేషాలు కావు. జబ్బుమనిషి నాడి చూసి తల అడ్డంగా ఊపే డాక్టరు, కోర్టు గుమ్మంలో నిలబడి పేరు పిలిచే బంట్రోతు, ఉత్తరం ఇచ్చి సైకిలెక్కి వెళ్ళిపోయే పోస్టుమాను. డెబ్బైల్లో మా ఊరికొచ్చే ప్రతి మూడు సినిమాల్లో ఒకదాంట్లోనైనా ఉండేవాడు. తెరమీద పేర్లు పడేటప్పుడు మాత్రం అతని పేరు కనపడేది కాదు. చివర్లో ‘తదితరులు’ అని వేసేవారు. అందులో ఉండేవాడు.

మాది తిరువూరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. నేను ట్రైనింగ్ పూర్తిచేసి అదే బడిలో టీచరుగా చేరాను. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడైన అన్నయ్యను కూడా నాన్న ఎ.కొండూరు వైపు ఒక ఊళ్ళో టీచరు ఉద్యోగంలోనే పెట్టారు. రెండేళ్ళు చేశాడు. ఒక వేసవి సెలవుల్లో, మద్రాసు వెళతానని నాన్న ముందు నిలబడి చెప్పాడు.

నాన్న చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. “మొహానికి రంగు పూసుకోవడానికా నిన్ను చదివించింది?” అన్నారు. మర్నాడు పొద్దున్నే బెజవాడ బస్సెక్కాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను ఉద్యోగంలో చేరాక అన్నయ్య ఉత్తరాలు నాకు బడి అడ్రసుకు వచ్చేవి. ఆ సంగతి నాన్నకు తెలుసు. అడిగేవారు కాదు.

అన్నయ్య ఉన్న సినిమా వస్తే ముందు రిక్షావాళ్ళకు తెలిసేది. “టీచరమ్మగారూ, మీ అన్నగారు ఇందులో పోలీసండి. రెండు మాటలేగానీ బాగా అన్నాడండి” అని చెప్పేవాళ్ళు. నాన్న పక్కన ఉంటే ఊరుకునేవాళ్ళు. శనివారం మ్యాట్నీకి తోటి టీచరుతో కలిసి వెళ్ళేదాన్ని. తెరమీద అన్నయ్య ఉండేది అర నిమిషమే. ఆ అర నిమిషం కోసం మూడు గంటలు కూర్చునేదాన్ని. ఇంటికొచ్చేసరికి నాన్న వసారాలో ఉండేవారు. ఎక్కడికెళ్ళావని ఒక్కసారీ అడగలేదు.

ఒక ఏడాది వానలు మొదలు కాకముందు కొత్త సినిమా వచ్చింది. వచ్చిన నాలుగో రోజు వినగడప నుంచి నాన్న పాత శిష్యుడొకాయన మా ఇంటికొచ్చాడు. పత్తి వేసే రైతు, అప్పటికే తల సగం నెరిసింది. వసారా మెట్టు మీదే నిలబడ్డాడు.

“మాస్టారూ, మీరు సినిమాలు చూడరని తెలుసండి. ఇదొక్కటి చూడండి. అందులో మీరున్నారండి.”

నాన్న ఆయన్ని కూర్చోమన్నారు. నాచేత మజ్జిగ ఇప్పించి, పొలం సంగతులు అడిగి పంపేశారు. శనివారం అన్నం తింటూ తింటూ, “ఆ మ్యాట్నీ ఎన్నింటికి?” అన్నారు.

చర్చికి వేసుకునే కోటు వేసుకుని రిక్షా ఎక్కారు. హాల్లో మేం లోపలికి వెళుతుంటే కుర్చీల్లోంచి ఐదారుగురు లేచి నిలబడ్డారు. అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

అన్నయ్యది అందులో పల్లెటూరి బడిపంతులు వేషం. ఎప్పటికంటే కొంచెం పెద్దది, రెండు సీన్లున్నాయి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని వరసల మధ్య నడిచే నడక నాన్నది. కోపం వచ్చేముందు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడవడం నాన్నది. సుద్దముక్క పట్టుకున్న వేళ్ళతోనే పిల్లవాడి గడ్డం పైకెత్తడం కూడా నాన్నదే. హాల్లో ఎవరో గుర్తుపట్టి నవ్వారు. నాన్న అక్కడే ఉన్నారని గుర్తొచ్చి కాబోలు, వెంటనే ఆపేశారు.

రెండో సీన్లో పలక తేలేదని ఒక పిల్లవాణ్ణి పంతులు బెత్తంతో కొడతాడు. వాళ్ళమ్మ ముందురోజే చనిపోయిందని ఇంకో పిల్లవాడు తర్వాత చెబుతాడు. బడి వదిలేశాక పంతులు పిల్లలు కూర్చునే బల్ల మీద ఒక్కడే కూర్చుంటాడు. కళ్ళజోడు తీసి తుడుస్తాడు. మళ్ళీ పెట్టుకోడు. అంతే, మాటలు లేవు.

ఆ సీను అయిపోగానే నాన్న లేచారు. “పద” అన్నారు. ఇంటికొచ్చి కోటు విప్పి కొక్కేనికి తగిలించి, నావైపు తిరక్కుండానే అడిగారు.

“అమ్మాయ్, నేను పిల్లల్ని అంతలా కొట్టేవాడినా?”

నేను కూడా ఆయన తరగతిలో కూర్చున్నదాన్నే. అబద్ధం చెప్పలేకపోయాను. “కొట్టేవారు నాన్నా.”

“తర్వాత అట్లా కూర్చునేవాడినా?”

“అది నేను చూడలేదు.”

“వాడు చూశాడు” అన్నారు.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చాక అన్నయ్య అడ్రసు అడిగారు. ఉత్తరం ఆయనే రాసి, ఆయనే పోస్టులో వేసి వచ్చారు. ఏం రాశారో నాకు తెలియదు. పది రోజుల్లో అన్నయ్య వచ్చాడు. జుట్టు పలచబడింది, మొహంలో అలసట కనపడింది. నాన్న కుర్చీకి ఎదురుగా, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేటప్పటిలాగే నిలబడ్డాడు.

“ఆ పిల్లవాడి సంగతి నీకెట్లా తెలుసు?” అన్నారు నాన్న.

“ఆ రోజు గంట కొట్టే వంతు నాది నాన్నా. తలుపు దగ్గరే ఉన్నాను. మీరు చూడలేదు.”

నాన్న కళ్ళజోడు తీశారు. “సాయంత్రం వాడింటికి వెళ్ళాను. గంపలగూడెం దారిలో ఉన్న వాళ్ళ పల్లె దాకా నడిచి వెళ్ళాను. వాళ్ళ నాన్న నాకు మంచం వాల్చాడు. ఏమని చెప్పాలో తెలియక లేచి వచ్చేశాను. మీ అమ్మకు కూడా చెప్పలేదు.”

“కొట్టేదాకానే సీను రాశారు నాన్నా” అన్నాడు అన్నయ్య. “తర్వాత వాళ్ళమ్మ సంగతీ, పంతులు కూర్చునేదీ నేనే అడిగి పెట్టించుకున్నాను.”

నాన్న తలదించుకుని విన్నారు. “చేతులు కడుక్కో. అన్నం చల్లారిపోతోంది” అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత ముగ్గురం కలిసి తిన్నాం.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే నాన్న పోయారు. మధ్యాహ్నం పడుకున్నవారు లేవలేదు. టెలిగ్రాం అందుకుని మర్నాడు మధ్యాహ్నానికి అన్నయ్య వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి చాలామంది వచ్చారు. నాన్న కోసం వచ్చినవాళ్ళు కొందరైతే, అన్నయ్యను చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ వాళ్ళ చూపులు పెట్టె మీద లేవు, అన్నయ్య మొహం మీద ఉన్నాయి. అన్నయ్య కంట్లో నీరు రాలేదు. సమాధి మీద మట్టి వేసేటప్పుడు కూడా రాలేదు.

“సినిమాల్లో అంత బాగా ఏడుస్తాడు, కన్నతండ్రికి ఒక్క చుక్క రాల్చలేదు” అని నా వెనక ఒకావిడ అంటోంది. నేను విన్నాను. అన్నయ్య కూడా విన్నాడు.

సాయంత్రం పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ తనే చెప్పాడు. “ఏడుపు గొంతుదాకా వచ్చిందమ్మా. అందరూ దానికోసమే చూస్తున్నారని తెలిసేసరికి ఆగిపోయింది. ఎట్లా ఏడ్చినా వేషంలాగే ఉంటుందనిపించింది.” చెంబు పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. లోపలికి రావడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మూడో రోజు షూటింగు ఉందని బయల్దేరాడు. బస్టాండులో ఒకాయన చంటిపిల్లను ఎత్తుకుని దగ్గరకొచ్చాడు. “సార్, మీ తాగుబోతు వేషం మా ఇంట్లో అందరికీ ఇష్టమండి. ఒక్కసారి ఆ నడక చూపిస్తారా?” అన్నాడు. అన్నయ్య సంచీ నాకిచ్చి, పంచె ఎగ్గట్టి, నాలుగడుగులు తూలుతూ నడిచి చూపించాడు. చుట్టూ జనం నవ్వారు. పిల్ల కూడా నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “నాన్న పోయి మూడు రోజులు కాలేదు” అన్నాను.

“మన ఇంటి సంగతి ఆయనకేం తెలుసమ్మా” అని, నా చేతిలోంచి సంచీ తీసుకుని బస్సెక్కాడు.

మర్నాడు నేను బడికి వెళ్ళాను. మూడో తరగతి పిల్లలు రోజూలాగే లేచి నిలబడ్డారు. కూర్చోమని, ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. ఒక పిల్ల ఏడో ఎక్కం దగ్గర తడబడితే ముందున్న పిల్లలు నవ్వారు, నేనూ నవ్వి అందించాను. పన్నెండింటికి బెల్లు మోగి పిల్లలు బయటికి పరుగెత్తాక, ఆ పొద్దంతా పిల్లల ముందు నేనూ ఏమీ జరగనట్టే నవ్వుతూ ఉన్నానని అప్పుడు తెలిసింది. అన్నయ్య మీద కోపం అక్కడితో పోయింది.