సయాజీ మేళం

మా బావ పోయినప్పుడు పదిమందీ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే రోజులు కావు. కూర్చుని ఉంటే ఎవరో ఒకరు ఆయన పెళ్లి సంగతి ఎత్తేవారు, మిగిలినవాళ్లు నవ్వేవారు. ఆ పని నేను ఇక్కడ చేస్తున్నాను.

బావ మా మేనత్త కొడుకు. అక్కను చేసుకోకముందు కూడా నాకు బావే. బర్మాలో మేముండే పజుండౌంగ్‌లో మా గుడి వీధి మొదట్లో ఆయనకు చిన్న కొట్టు ఉండేది. ఓడల్లో పనిచేసేవాళ్లు బయటి దేశాల నుంచి తెచ్చిన పాటల క్యాసెట్లకు నకళ్లు తీసి అమ్మేవాడు. దేశం తలుపులు మూసుకుని అప్పటికి చాలా ఏళ్లయింది. బయట ఏం జరుగుతోందో పేపర్లు మాకు చెప్పేవి కావు. బావకు మాత్రం క్యాసెట్ అట్టల మీది సన్నక్షరాలు చెప్పేవి.

ఆ అక్షరాల్లో ఆయనకు ఒక మనిషి దొరికాడు. ఇంగ్లండువాడు. అట్ట మీద ఆయన బొమ్మ ఉండదు. పాడే అమ్మాయిలు మారతారు, జుట్టు పెంచిన కుర్రాళ్లు మారతారు, అడుగున ఆయన పేరు మాత్రం అదే. పాట రాసిందీ ఆయనే, ప్రొడ్యూసరూ ఆయనే. బర్మావాళ్లు పెద్ద గురువును సయాజీ అంటారు. బావ ఆయనను అలాగే పిలిచేవాడు. అసలు పేరు బావకు తప్ప ఎవరికీ నోరు తిరగకపోవడంతో మా ఇంట్లో సయాజీయే స్థిరపడ్డాడు.

"ఆయన పాడతాడేట్రా?" అని అమ్మ ఒకసారి అడిగింది.

"పాడడత్తా."

"వాయిస్తాడా?"

"ముందల వాయించీవోడు. ఇప్పుడు కూకుని ఇంతాడు."

"ఇంటే ఏటి? నానూ ఇంతన్నాను."

"ఆయన ప్రొడ్యూసరత్తా."

అమ్మకు తెలుగు సినిమాలు తెలుసు. "అదేదో ముందే సెప్పొచ్చు కదా. డబ్బులెట్టే షావుకారు."

"షావుకారు కాడు. పాట కట్టీవోడు."

"షావుకారు పాట కట్టడమేట్రా? అందుకే అలగుంది."

బావ దగ్గర సయాజీ జీవితం మొత్తం ఉండేది. అట్టల మీద పేరు ఎక్కడెక్కడ కనిపించిందో చూసి ఆయనే కట్టుకున్న చరిత్ర అది. మొదట్లో వాయిద్యాలవాళ్ల వరసలో చిట్టచివర. తర్వాత పాట పేరు పక్కన. ఆ తర్వాత వెనక అట్ట మీద తనకంటూ విడిగా ఒక వరస. మధ్యలో కొన్నేళ్లు ఎక్కడా లేడు. ఆ ఏళ్లలో పెళ్లాంతో తగువు పడ్డాడని బావ తేల్చాడు.

"కామెర్లొచ్చాయేమో" అన్నాను.

"కామెర్లయితే ఆరు నెల్లు. ఇది తగువే."

మొదటి నాలుగు దెబ్బలు వింటే చాలు, పాట సయాజీదో కాదో చెప్పేస్తానని ఆయన గర్వం. చెప్పేవాడు కూడా. తప్పని నిరూపించే దారి మా ఊళ్లో ఎవరికీ లేదు. ఇంతకీ ఆయన పనితనం ఏమిటి బావా అంటే ఒక్కటే మాట: "సందు వొగ్గడు." పాటలో ఎక్కడా ఖాళీ వదలడని. డ్రమ్ము కింద చప్పట్లు, చప్పట్ల కింద ఇంకో డ్రమ్ము. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. ఆ మాట అంటే బావ నన్ను జాలిగా చూసి, "పుస్తకాలు సదివితే సెవులు పోతాయేటే?" అనేవాడు.

అక్కకూ బావకూ పెళ్లి ఎనభై ఎనిమిదిలో, శ్రావణంలో. ముహూర్తం పెట్టినప్పుడు ఊరు మామూలుగానే ఉంది. పెళ్లి దగ్గరపడేసరికి, సైనిక పాలన పోవాలని ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. విద్యార్థులు, గుమాస్తాలు, రేవు కూలీలు, భిక్షువులు. వాళ్ల వెనకే సైన్యం, కర్ఫ్యూ. రాత్రి ముహూర్తాన్ని పంతులుగారు పగటికి మార్చారు. ఇంక వాయిదా వేసే వీలు లేదు. శ్రావణం దాటితే భాద్రపదం, అందులో పెళ్లిళ్లు చేయరు. ఆ పైన ఎవరు ఎక్కడుంటారో చెప్పగలిగే ధైర్యం ఎవరికీ లేదు.

మేళం వాళ్లు ఊరికి అవతలి కొసనున్న అహ్లోన్ నుంచి రావాలి. సన్నాయి వాయించే పెద్దాయన అక్కడి బియ్యం మిల్లులో పనిచేసేవాడు. దారి పొడవునా రోడ్లకు అడ్డంగా నరికిన చెట్లు, తారు పీపాలు. ఆయన రాలేదు.

"మేలం నేకపోతే తాలి నేదు" అంది అమ్మ.

గట్టిమేళం ఎందుకో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ ఏడుపు గానీ చెడ్డమాట గానీ చెవిన పడకూడదు. ఆ రోజు అమ్మ భయం తుమ్ము గురించి కాదు. పొద్దుటి నుంచి పెద్దరోడ్డు వైపు ఉండి ఉండి తుపాకులు పేలుతున్నాయి.

అప్పుడు అమ్మకు క్యాసెట్ గుర్తొచ్చింది. విశాఖపట్నం నుంచి చుట్టాలెవరో తెచ్చిన సన్నాయి క్యాసెట్ ఒకటి మాకుండేది. గుడికి నకలు తీసి ఇమ్మని అమ్మ దాన్ని ఎప్పుడో బావకిచ్చింది.

"అది పట్రా. అదే ఎట్టుకుందుం" అంది.

బావ నుదుట బాసికంతో పీటల మీద ఉన్నాడు. అమ్మ వైపు చూడకుండా నన్ను కంటితో పిలిచాడు. వంగాను.

"మరదలా, దాని మీద సయాజీ ఉన్నాడు."

"మీదంటే?"

"సన్నాయి సెరిగిపోయింది. సయాజీ పాటలు తెచ్చినోడి ఓడ తెల్లారితే ఎలిపోతాది. కొట్లో ఖాళీ టేపు ఒక్కటీ నేదు. సన్నాయి మల్లీ తెప్పిద్దుంలే అనుకున్నాను."

"ఎక్కణ్ణుంచి?"

"అదే మరి."

"మీ అత్తకు నువ్వే చెప్పుకో."

"ఇయ్యాల నాను పెల్లికొడుకుని. నన్ను తిట్టకూడదు. నువ్వు సెప్పు."

చెప్పాను. "ఆ షావుకారా!" అని మాత్రం అంది అమ్మ. తర్వాత తిట్లు వస్తాయని ఎదురుచూశాం. రాలేదు. స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. "నా పిల్ల తాలికి తుపాకీ మేలమా" అని తనలో తను అనుకున్నట్టు అంది. అది విన్నాక బావ ముఖంలో వేళాకోళం పోయింది.

అక్క తల వంచుకునే, "అమ్మా, ఎవులిదైతే ఏటి? సప్పుడే కదా కావాలి" అంది.

అందరం పంతులుగారి వైపు చూశాం. ఆయనకు కర్ఫ్యూ వేళకు ఇల్లు చేరాలన్న చింత ఉంది. "మంగళవాద్యం ఉండాలన్నారమ్మా. ఏ దేశందో చెప్పలేదు" అన్నారు.

కరెంటు లేదు. టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు నీరసంగా ఉన్నాయి. పెళ్లికి వచ్చిన పక్కింటి బర్మా పెద్దావిడ ఏ సంగతీ అడక్కుండా ఇంటికి వెళ్లి టార్చిలైటు విప్పి ఆ బ్యాటరీలు తెచ్చి ఇచ్చింది. కొట్టు నుంచి క్యాసెట్ వచ్చింది. పీటల మీది నుంచి లేవకుండానే బావ దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి ఒకచోట ఆపాడు. మీట నొక్కే పని నాది.

"మొదట్నించి ఎయ్యకు. ముందల గిటారు నసుగుతాది. డ్రమ్ము కాడ ఎట్టి ఉంచేను. నాను తలూపితే నొక్కు. సౌండు పూర్తిగా."

"ఇది సయాజీదేనా, ఇంకెవరిదైనానా?"

"నాలుగు దెబ్బలు సాలు. నీకే తెలుస్తాది."

పంతులుగారు మంత్రం అందుకున్నారు. బావ తాళి రెండు చేతులా పట్టుకుని తల ఊపాడు. నొక్కాను. అంత చిన్న పెట్టెలోంచి అంత చప్పుడు వస్తుందని నేను అనుకోలేదు. డ్రమ్ము, చప్పట్లు, వాటి కింద మళ్లీ డ్రమ్ము. ముత్తయిదువలు ఉలిక్కిపడి, ఆలస్యంగా అక్షింతలు వేశారు. బావ ముడి వేస్తూ తల ఆ దెబ్బకు అనుగుణంగా ఆడించడం నేను చూశాను. ఆ క్షణంలో పెద్దరోడ్డు మీద తుపాకీ పేలిందో లేదో మాలో ఎవరికీ తెలియదు.

ముళ్లు పడ్డాక డ్రమ్ము తగ్గి ఒక అమ్మాయి గొంతు మొదలైంది. ఆపడం ఎవరికీ తోచలేదు. ఆ గదిలో ఇంగ్లీషు నాకూ, కొంత బావకూ వచ్చు. తనను నమ్మించి వదిలిపోయినవాడి గురించి ఆ అమ్మాయి చాలా ఉత్సాహంగా పాడుతోంది.

"ఏటంటందే ఆ పిల్ల?" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"పెళ్లి గురించేనమ్మా" అన్నాను.

బావ దగ్గు వచ్చినట్టు నటించాడు.

తర్వాత చాలా ఏళ్లకు ఫోన్లు చవకయ్యాయి, సిమ్ కార్డులు అందరికీ అందాయి. నేను మొదట వెతికింది సయాజీని. డాన్సు హాళ్లలో గిటారు వాయించాడు. చిన్న గదిలో కూర్చుని ఇతరుల కోసం పాటలు రాశాడు. పేరొచ్చాక సొంత స్టూడియో పెట్టాడు. కనిపించని ఆ ఏళ్లలో నిజంగానే తగువు. పెళ్లాంతో కాదు, భాగస్వామితో.

"తగువని సెప్పేనా, నేదా?" అన్నాడు బావ. అప్పటికి మంచం పట్టాడు. కొట్టు ఎత్తేసి చాలా కాలమైంది. మంచం మీద నుంచే ముసలివాళ్లకు ఫోన్లో పాటలు ఎక్కించి పెట్టేవాడు.

బావ సయాజీవని చెప్పిన పాటలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. సగానికి పైగా సయాజీవి కావు. ఆ పెళ్లి పాట అసలే కాదు. అది ఇంకెవరో కట్టింది. చెప్పాలా వద్దా అని కొన్నాళ్లు ఊగాను. మాకిద్దరికీ వేళాకోళం తప్ప మరో భాష లేదు. జాలిపడి చెప్పకపోతే, తనకు ఇక నయం కాదని అనుకుంటాడు. చెప్పాను.

బావ నా వైపు ఒత్తిగిలాడు.

"మరైతే మా పెల్లి సెల్లదేటి?"

వంటింట్లోంచి అక్క: "ఇన్నేల్లు వొండి ఎట్టేక ఇప్పుడా సెప్తన్నావు!"

రెండువేల ఇరవై ఒకటిలో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది, ఫోన్లు మూగపోయాయి, మళ్లీ జనం వీధుల్లోకి వచ్చారు. సాయంత్రం దీపాలు పెట్టాక ప్రతి ఇంట్లోనూ గిన్నెలు వాయించేవారు. ఇంట్లోంచి దుష్టశక్తిని తరిమేందుకు బర్మావాళ్లు చేసే ఆ పని ఇప్పుడు సైన్యం మీదికి మళ్లింది. బావ మంచం మీద నుంచి చెవి ఒగ్గి వినేవాడు. "సప్పుడు బాగుంది. తాలం నేదు" అనేవాడు. "సందులు వొగ్గేస్తన్నారు."

ఆయన ఒక మధ్యాహ్నం పోయాడు. ఊళ్లో కరోనా కూడా ఉండటంతో ఇంటివాళ్లం మాత్రమే వెళ్లి వచ్చాం. డప్పులు లేవు. స్నానాలు చేసి కూర్చున్నాం. పొద్దువాలాక వీధి ఆ చివర గిన్నెలు మొదలయ్యాయి, ఇల్లిల్లూ దాటుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాయి.

అక్క కాసేపు విని, "తాలం నేదు" అంది.

లేచి వంటింట్లోకి వెళ్లి ఇత్తడి గిన్నె, గరిటె తెచ్చుకుంది. గుమ్మంలో నిలబడి వీధివాళ్ల దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఎక్కడ వస్తుందో చూసుకుని, ఆ ఖాళీల్లో కొట్టడం మొదలుపెట్టింది.