ఒక్క స్వరం మీద నిలబడిన మా క్వయర్

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియనిది ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నాకు తెలియనిది మరీ తక్కువ, ఎందుకంటే నేను గ్రంథాలయంలో చదువుకున్నాను. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయాక చొప్పదండిలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాను. మధ్యాహ్నం గిరాకీ ఉండదు కాబట్టి అన్నం తిని నేరుగా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. నచ్చిన పుస్తకం ఏరుకుని చదవడం చదువు మీద గౌరవం లేనివాళ్ల పద్ధతి అని నా అభిప్రాయం. నేను మొదటి అరలో మొదటి పుస్తకం నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. అందుకని ఏ ఏడు ఏ అర దగ్గర ఉంటే ఆ ఏడు అందులో నేను పండితురాలిని. తేనెటీగల అర దగ్గర ఉన్నప్పుడు ఇంటి వెనక ఒక పెట్టె పెట్టించాను (ఈగలు రాలేదు, చీమలు వచ్చాయి). ప్రకృతి వైద్యం అర దగ్గర ఉన్నన్నాళ్లూ మా అవ్వ, అంటే అమ్మ, నాకు కనబడకుండా చాయ్ తాగేది. మా మామ దుబాయ్ వెళ్లిన ఏడు నేను సరిగ్గా సంగీతం అర దగ్గర ఉన్నాను. పాపం, అది మా ఊరి క్వయర్ అదృష్టం.

మామ అంటే మా అవ్వ తమ్ముడు. మా ఊరి చర్చిలో పాటలు పాడే క్వయర్‌కు అన్నీ ఆయనే. క్వయర్ అనగానే తెల్లని అంగీలు, కీబోర్డు ఊహించుకోవద్దు. వడ్ల కల్లాల నుంచి, పత్తి చేల నుంచి గొంతులో దుమ్ముతో వచ్చి చాప మీద కూర్చునే కొద్దిమంది, ఒక డోలక్, రెండు జతల తాళాలు, అంతే. ఏటా డిసెంబరు దగ్గర పడుతుంటే ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త పాట నేర్చుకోవడం మొదలయ్యేది. పాట మామే కట్టేవాడు. ఆ ఏడు కూడా "చలిమంట కాడికి చుక్క దిగింది" అని ఒకటి కట్టి, రాగం నా చెవిన వేసి, వీసా రాగానే బయలుదేరాడు. బస్సెక్కుతూ, "బిడ్డా, పాట నీ మీద పెడుతున్న. కొత్తది ఏం చెయ్యకు. జర ఉన్నది ఉన్నట్టు నేర్పు" అన్నాడు. (నా చేతిలో అప్పటికే సంగీతం పుస్తకం ఉంది. ఆయన చూడలేదు.)

ఆ ఏడు ఒక చిక్కు వచ్చి పడింది. క్రిస్మస్ పొద్దున మా చర్చిలో రికార్డు చేసిన వాయిద్యాల ట్రాక్ పెట్టి మైకులో పాడతామని కరీంనగర్ కుర్రాళ్లు కొందరు అయ్యగారిని అడిగారు. అయ్యగారు అంటే మా పాస్టరు, మెత్తని మనిషి, ఎవరినీ కాదనలేడు. ఆరాధన అయ్యాక మా వాళ్లను పిలిచి, "డిసెంబర్ల మొదటి ఆదివారం మీ పాట వింట. మంచిగొస్తే క్రిస్మస్ పొద్దుగాల మీరే. లేకుంటే ట్రాక్ పెట్టుకుందం, మీరందరు ఆరాంగ కూసోని వినుండ్రి" అన్నాడు. ఆ ఆరాంగ అనే మాట మా పెద్దబాపుకు గుచ్చుకుంది. పెద్దబాపు మా బాపుకు అన్న, క్వయర్‌లో అందరికంటే పెద్దవాడు. మీసాలు రాకముందు నుంచీ క్రిస్మస్ పొద్దున పాడుతున్న మనిషి. ఆ రోజు కంచం ముందు కూర్చుని, "నేను చాప మీద కూసోని ఏం జెయ్యాలె? చప్పట్లు కొట్టాల్నా?" అని గోడను అడిగాడు. గోడ బదులు నేను జవాబిచ్చాను. "ఫికర్ చెయ్యకు పెద్దబాపూ, నేనున్న గద."

పుస్తకంలో ఉన్నది ఇది. పాశ్చాత్య దేశాల క్వయర్లలో నాలుగు రకాల గొంతులు ఉంటాయి. నాలుగూ ఒకేసారి నాలుగు దారుల్లో వెళతాయి, వినేవాళ్లకు అంతా కలిసి ఒక్కటిగా వినబడుతుంది. అది ఎలా చేయాలో తరువాతి పేజీల్లో ఉండి ఉండాలి, కానీ వాటిని చెదలు తిన్నాయి. అది పెద్ద లోటని నాకు అనిపించలేదు. మొదటి రిహార్సల్‌లో నిలబడి అందరికీ వివరించాను. బీడీల చిన్నమ్మ చెయ్యి ఎత్తింది. ఈమె మా చిన్నబాపు భార్య, పొద్దంతా బీడీలు చుడుతుంది, నోరు చేతులకంటే వేగం.

"అంటే నలుగురం నాలుగు తీర్లు పాడుతమా?"

"అవును చిన్నమ్మా."

"మల్ల వినేటోళ్లు ఎవలది వినాలె?"

"అన్ని కలిసి ఒకటే వినిపిస్తది."

"ఒకటే వినిపించేటందుకు నాలుగెందుకే పోరి? ఒకటే పాడుకుంటే అయిపాయె గద!"

జవాబు చెదలు తిన్న పేజీల్లో ఉంది కాబట్టి నేను వినబడనట్టు గొంతులు పంచడం మొదలుపెట్టాను. చిన్నమ్మకు పైదారి, మిగతావాళ్లకు నడిమి దారులు. పెద్దబాపుది డోలక్‌ను మించిన గొంతు, అందుకని అడుగు దారి ఇచ్చాను. "నువ్వు పునాది పెద్దబాపూ. మొదట పట్టిన స్వరం పాట అయిపోయేదాక ఇడువద్దు."

"రాగం ఎటువోయినా?"

"ఎటువోయినా కదలద్దు."

పునాది అన్న మాట ఆయనకు బాగా నచ్చింది. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పాట మొదలైంది. తొలి పాదం నేను అనుకున్నట్టే సాగింది. రెండో పాదంలో చిన్నమ్మ గొంతు పైనుంచి జారడం మొదలుపెట్టింది, వెనకే నడిమివాళ్లు. చరణం ముగిసేసరికి అందరూ పెద్దబాపు స్వరం మీద వాలి కూర్చున్నారు. డోలక్ వాయించే మా అన్న (పెద్దబాపు కొడుకు) చేతులు ఆపి, "పాట నడుస్తుందా, ఆగిందా?" అని అడిగాడు.

మళ్లీ పాడించాను. మళ్లీ అదే. చెవుల్లో పత్తి పెట్టించాను (ఆ కాలంలో మా ఊళ్లో పత్తికి కొదవ లేదు). అదే. నాలుగు దారులవాళ్లనూ నాలుగు మూలల్లో నిలబెట్టాను. అదే. చివరికి పెద్దబాపును బయట వరండాలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. ఆయన తలుపవతల నిబ్బరంగా తన ఒక్క స్వరం పాడుతుంటే, లోపలివాళ్లు పాడుతూ పాడుతూ మెల్లగా జరిగి గడప దగ్గరికి చేరారు. నాకు బుర్ర పనిచేయలేదు. చర్చి రేకులే శబ్దాన్ని కిందికి తోస్తున్నాయేమో అనుకున్నాను. బీడీ పొగాకు ఘాటు అనుకున్నాను. గ్రంథాలయానికి పరుగెత్తి ఆ పుస్తకాన్ని మళ్లీ చదివాను. గొంతులు జారడం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

అయ్యగారు వినబోయే ఆదివారానికి ముందురోజు తట్టుకోలేక చిన్నమ్మనే అడిగాను. "పైన పాడమంటే నువ్వెందుకు కిందికి వస్తున్నవ్?"

చిన్నమ్మ నన్నే వింతగా చూసింది. "మరి బావ ఒక్కడే అయిండు గద!" అంది పెద్దబాపును చూపించి.

"అంటే?"

"మీ మామ మాకు నేర్పిందే గది. రాగం తప్పినోన్ని ఇడిచిపెట్టి ముందుకు పోవద్దు. అందరం ఆడికే పోవాలె, మంచిగ ఎంటబెట్టుకోని రావాలె."

"పెద్దబాపు తప్పలేదు చిన్నమ్మా! గట్ల పాడుమని నేనే చెప్పిన!"

"చెప్తివి, కాదన్ననా? పెద్దమనిషి కింద ఒక్కడే మొత్తుకుంటుంటే మేం పైన ఎగురుకుంట పోతమా?"

పెద్దబాపు పక్కనుంచి నెమ్మదిగా అందుకున్నాడు. "వీళ్లే తప్పి నా దిక్కు వస్తుండ్రనుకున్న బిడ్డా. నేను గూడ కదిలితే అందరు ఆగమైతరని గట్టిగ పట్టుకున్న."

అన్ని రోజులూ వీళ్లందరూ ఆయనను కాపాడుతున్నారు, ఆయన వీళ్లందరినీ కాపాడుతున్నాడు. ఇంతమంది కాపాడుతుంటే పాట ఎలా బతుకుతుంది? కానీ నాకు వెంటనే ఉపాయం తట్టింది. పెద్దబాపు అందరితో కలిసి రాగం పాడతాడు. పునాది నేను పాడతాను. నేను అందరిలో చిన్నదాన్ని, నాకోసం ఎవరు దిగి వస్తారు? ఈ తర్కంలో ఇప్పటికీ నాకు లోపం కనబడదు.

ఆదివారం చర్చి నిండింది. కరీంనగర్ కుర్రాళ్లు కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. పాట ఎత్తుకున్నాం. పైన వాళ్ల రాగం, అడుగున నా ఒక్క స్వరం. పుస్తకంలో రాసింది నిజమే! రెండు దారులు కలిసి ఒక్కటిగా వినబడ్డాయి, నా ఒళ్లు ఝల్లుమంది. ఆ సంతోషంలో కళ్లు మూసుకున్నాను. రెండో చరణం మొదలయ్యాక నా పక్కన డోలక్‌ను మించిన గొంతు ఒకటి వచ్చి కూర్చుంది. కళ్లు తెరిచాను. పెద్దబాపు నా వైపే చూస్తూ, భయపడకు, వచ్చేశాను అన్నట్టు తల ఊపాడు. పెద్దాయన దిగితే మిగతావాళ్లు ఆగుతారా? చిన్నమ్మ దిగింది, ఆమె వెనక అందరూ దిగారు. నేను కళ్లతో పైకి పొమ్మంటున్నాను. నేను అడలిపోయాననుకుని వాళ్లు ఇంకా గట్టిగా పాడుతున్నారు. అంతలో వినడానికి చాపల మీద కూర్చున్నవాళ్లు కూడా ఎత్తుకున్నారు. ఒక్క స్వరమే కదా, పాట రానివాళ్లకు కూడా వస్తుంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఎన్నడూ నోరు విప్పని మా బాపు, చివరికి ఆ కరీంనగర్ కుర్రాళ్లు కూడా. చర్చి మొత్తం ఒక్క స్వరం మీద నిలబడి చలిమంట కాడికి చుక్కను దించింది.

ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు. అయ్యగారు మైకు పట్టుకుని కాసేపు చూసి, "ప్రార్థన చేద్దాం" అన్నాడు. దానితో ఆగింది. అందరూ బయటికి వచ్చాక మా వాళ్లను పక్కకు పిలిచాడు. పెద్దబాపు తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఏం పాడిండ్రో నాకు సమజ్ కాలే. కానీ నేనచ్చినప్పటి సంది ఇంతమంది నోరు తెరిచి పాడుడు చూడలే. క్రిస్మస్‌కు మీరే పాడుండ్రి." పెద్దబాపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గని గప్పటికల్ల జర రాగం గూడ పెట్టుండ్రి" అన్నాడు అయ్యగారు, నా వైపు చూడకుండా.

మా అన్న ఎవరితోనో తీయించి పంపిన వీడియో అందుకుని మామ దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. "ఏం నేర్పినవే బిడ్డా? ఫోన్ ఖరాబైందనుకోని బంద్ చేసి మల్ల పెట్టిన." ఆ రోజు నుంచి రిహార్సల్ ఆయనే ఫోన్లో నడిపాడు, క్రిస్మస్ పొద్దున పాట ఉన్నది ఉన్నట్టు వచ్చింది. నేను తరువాతి అరకు జరిగాను (తపాలా బిళ్లలు, ఎవరికీ హాని లేదు).

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఆ పుస్తకం ఇక్కడ చెదలు తినని ప్రతి దొరికింది, చివరిదాకా చదివాను. మంచి పుస్తకం. ఎవరి దారిలో వాళ్లు తప్పకుండా ఎలా నిలబడాలో చక్కగా చెప్పారు. పెద్దబాపు ఇప్పుడు లేడు. ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి నడిచిన దారి మాత్రం బాగా గుర్తుంది. నా పునాది పాడుచేశారని అలిగి, ఎవరితోనూ మాట్లాడకుండా, నేను అందరికంటే ముందు గబగబా నడుస్తున్నాను. వెనకనుంచి పెద్దబాపు, "బిడ్డా, మెల్లగ పో, మేం వస్తున్నం" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆమె తరఫున ఇప్పుడు నేనే అప్పుడప్పుడు తిరిగి చూసి, నవ్వుకుంటూ కాసేపు ఆగుతుంటాను.