తోక మాస్టారికి ముఖాలు తెలియవు

తోక మాస్టారు ఏ ప్రాణినైనా సరే, వెనకనుంచి చూస్తే తప్ప గుర్తుపట్టరు. ఇందులో మనుషులకు మినహాయింపేమీ లేదు.

ఉద్యోగం అలాంటిది మరి. నగరంలోని దోమల ల్యాబుకు ఆయనే పెద్ద. నిలవ నీళ్ళలో దొరికిన లార్వా ఏ దోమ పిల్లో తేల్చాలంటే తోక చూడాలి. అక్కడ అది ఊపిరి పీల్చే గాలిగొట్టం మొదట్లో దువ్వెన పళ్ళలా సన్నటి పొలుసుల వరస ఉంటుంది. ఒక్కో పొలుసుకు ఒకటే ముల్లుంటే అది ఎప్పటినుంచో ఉన్న ఊరి దోమ. ఆ ముల్లుకు అటూ ఇటూ పక్కముళ్ళు కూడా ఉన్నాయా, కొంప మునిగినట్టే! అది పాత టైర్లతో పాటు ఓడెక్కి వచ్చి దిగబడిన వలస దోమ, జ్వరాలను వెంటబెట్టుకొచ్చే రకం. ఏళ్ళ తరబడి తోకలు చూసీ చూసీ మాస్టారికి అదే అలవాటైపోయిందని అందరూ అనుకునేవాళ్ళు.

పేపరు చివరి పేజీ నుంచి చదివేవారు. సొంత అల్లుడు ఎదురుగా కూర్చుని భోంచేస్తుంటే ఎవరో అనుకుని ఊరుకుని, అతను చెయ్యి కడుక్కోవడానికి అటు తిరగ్గానే "అరెరె, అల్లుడుగారా! ఎప్పుడొచ్చారు?" అన్నారట. ఒకసారి కమిషనరుగారు తనిఖీకి వస్తే, పలకరిద్దామని మాస్టారు ఆయన వెనక్కి నడిచారు. మర్యాదకని కమిషనరు ఇటు తిరిగారు. మాస్టారు మళ్ళీ ఆయన వీపు వైపుకి నడిచారు. పెద్దమనుషులిద్దరూ అలా తిరగలిలా తిరుగుతుంటే ల్యాబంతా నోట్లో గుడ్డలు కుక్కుకుంది.

కొత్తగా చేరిన అమ్మాయికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "మీ సారుకి కాస్త తేడాగా ఉంటుందటగా?" అని వాళ్ళ వదిన అడిగితే, "నాకేం తెలుసు వదినా, నేను ఆయన దగ్గర పనిచెయ్యను" అని అబద్ధమాడేసింది.

మాస్టారు సెలవులో ఉన్న రోజున మొక్కల నర్సరీ నుంచి ఒక లార్వా వచ్చింది. కొత్తమ్మాయి మైక్రోస్కోపులో చూసింది. పక్కముళ్ళు!

"సారు వచ్చాక ఓసారి చూస్తారు, ఆగమ్మా" అన్నాడు అటెండరు.

"ఆయనొచ్చి దాని చుట్టూ తిరిగేలోపు ఊరంతా మంచమెక్కుతుంది" అని ఆమె పై ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేసింది. సాయంత్రానికల్లా నర్సరీకి తాళం పడింది. కుండీలన్నీ బోర్లించి, నారంతా రోడ్డు పక్కన పోశారు.

మర్నాడు మాస్టారికి గొప్పగా చూపిద్దామని ఆ లార్వానే స్లయిడు మీద చక్కగా సర్దింది. పక్కముళ్ళు మాయం! నిన్న అది ఒరిగి పడుకోవడంతో పొలుసు మీద పొలుసు ఎక్కి అలా కనిపించాయంతే. అది ఊరి దోమ. అమ్మాయి స్టోరు గదిలోకి పరిగెత్తి, సీసాల అలమారా పక్కన గోడకు ముఖం ఆనించి నిలబడింది.

తలుపు చప్పుడైంది.

"ఓ, నువ్వా!" అన్నారు మాస్టారు, చూసీ చూడగానే.

గోడకేసి ముఖం దాచుకున్నా ఈయన దగ్గర దాక్కున్నట్టు కాదని ఆమెకు అప్పుడు తట్టింది. "ఇటు తిరగమంటారా సార్?" అంది ఏడుపు మింగుకుంటూ.

"ఎందుకూ? నాకు ముఖాలు తెలీవుగా" అని ఆయన స్టూలు లాక్కుని, తనూ గోడకేసి తిరిగి కూర్చున్నారు. "చెప్పు."

గోడకు చెప్పుకున్నట్టు అంతా చెప్పేసింది. "మా వదినతో మీ గురించి కూడా..." అని మొదలుపెట్టింది.

"అది తర్వాత. ముందు పొలుసుల సంగతి కానీ."

మొత్తం విని మాస్టారు లేచారు. "తాళం నేను తీయిస్తాను. క్షమాపణ మాత్రం నువ్వే చెప్పాలి. అది ముఖం చూపించి చెప్పాల్సిన పని తల్లీ."

నర్సరీ యజమానురాలు బోర్లాపడ్డ కుండీల మధ్య నడుము మీద చేతులేసుకుని నిలబడి ఉంది. "ఎవరా కళ్ళున్న మహాతల్లి?" అంది.

"నేనేనండీ. నాదే తప్పు. సరిగ్గా చూడకుండా చెప్పేశాను" అంది అమ్మాయి. సిగ్గేసినా తల దించలేదు.

"చెప్పేశావా! పిల్లల్లా పెంచుకున్న మొక్కల్ని నడిరోడ్డున పోయిస్తావా! నీ కడుపు... ఇదేమిటండీ, ఈయన నా వెనకెందుకు తిరుగుతున్నాడూ?"

"గుర్తుపడదామని" అన్నారు మాస్టారు.

"ఎవర్నీ?"

"మిమ్మల్నే. ముందునుంచి చూస్తే మరీ కోపంగా ఉన్నారు."

ఆవిడ తిట్టబోయింది, కుదరలేదు. కిసుక్కున నవ్వింది. "ఏం మనుషులయ్యా బాబూ! చూస్తూ నిలబడతారేం, ఆ కుండీలు ఎత్తండి!"

ముగ్గురూ పొద్దుగూకేదాకా ఎత్తారు. బతికిన నారంతా మళ్ళీ నాటారు.

తిరిగి వస్తూ, ఎప్పటిలాగే మాస్టారు ఆమె వెనకాల నడుస్తున్నారు. "కళ్ళు తుడుచుకోమ్మా. బుగ్గ మీద మట్టి కూడా ఉంది" అన్నారు.

ఆమె టక్కున ఆగి వెనక్కి తిరిగింది. "మీకు ముఖాలు తెలీవు కదా సార్?"

మాస్టారు దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూశారు. "తెలుసనుకో. ఎవరితోనూ అనకు. తప్పు చేసినవాళ్ళు ఇక నా దగ్గరికి రావడం మానేస్తారు."

ఇలాంటి మనిషినా వదినతో నా సారు కాదన్నాను అనుకుంటే ఆ పిల్లకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తల వంచుకునే చెంగుతో బుగ్గ గబగబా రుద్దుకుంది.

"అది కాదు, రెండో బుగ్గ" అన్నారు మాస్టారు.