‘సరేలే’కు నేను రాసుకున్న అర్థం

కడపలో ఆరేళ్లు సర్జికల్ వార్డులో నర్సుగా చేశాక, పీజీ చదవడానికి కర్నూలు వచ్చాను. షుగర్ ముదిరి కాలు తీసేసిన మగవాళ్లను ఇంట్లో చూసుకునే భార్యల అనుభవం మీద థీసిస్ రాద్దామనుకున్నాను. వార్డులో ఎంతోమంది ఆడవాళ్లకు కట్టు మార్చడం నేర్పి ఇంటికి పంపించాను. ఆ తర్వాత వాళ్ల బతుకేమయిందో ఒక్కరినీ అడగలేదు.

మా గైడ్ మేడమ్‌కు ఇది మొదటినుంచీ నచ్చలేదు.

"పదిమందితో థీసిస్ ఏందమ్మా? రెండువందల మందికి ప్రశ్నల కాగితం పంచు. టేబుళ్లు వస్తాయి, తొందరగా అయిపోతాది."

"వాళ్లు పడేది టిక్కుల్లో దొరకదు మేడమ్. కూర్చుని వినాల."

"విని నువ్వు రాసిందే నిజమని నమ్మేదెట్లా?"

నా ప్రపోజల్‌ను మూడుసార్లు తిప్పి పంపారు. విసుగొచ్చి నాలుగోసారి ఒక వాక్యం చేర్చాను: రాసినదాన్ని మళ్లీ ఆ ఆడవాళ్లకే వినిపించి, సరిగ్గా పట్టుకున్నానో లేదో అడుగుతానని. ఇలాంటి పరిశోధనలో అది చేయాల్సిన పనే. కానీ నేను మాత్రం సంతకం కోసమే రాశాను. సంతకం దొరికింది.

పదిమందిలో నేను నాలుగోగా మాట్లాడిన ఆమెది ఆత్మకూరు. బట్టలు కుడుతుంది. భర్త తోపుడుబండి మీద పండ్లమ్మేవాడు, మోకాలి కింద కాలు తీసేశారు. ఒకటే గది. కుట్టుమిషన్ ఆపి గంటసేపు మాట్లాడింది. చివర్లో, "ఏం చేస్తాము, సరేలే అనుకుంటాండా" అంది. మిగతావాళ్లలోనూ చాలామంది అలాంటి మాటే అన్నారు. ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు దాన్ని ‘పరిస్థితిని అంగీకరించడం’ అని రాసి, పెద్ద అధ్యాయంగా చేశాను. మేడమ్ మొదటిసారి మెచ్చుకున్నారు.

థీసిస్ ఇవ్వడానికి మూడు వారాలున్నాయనగా, మాటిచ్చాను కదా అని ఆత్మకూరు బస్సెక్కాను. ఆమె ఒక్కతే ఉంది. భర్తను ఆయన తమ్ముడు నమాజుకు తీసుకుపోయాడట. నేను రాసింది తెలుగులో చెబుతూ పోయాను. అంగీకారం దగ్గరికి రాగానే మిషన్ ఆపింది.

"నేను ఒప్పుకున్నానని యాడ చెప్పినా?"

"సరేలే అనుకుంటాండా అన్నావు కదక్కా."

"ఆయప్ప మంచం మీద వింటాండె. ఇంగేం చెప్పాల? నాకు శానా కోపముండాది సిస్టర్. డాక్టరు మీద, ఆయప్ప మీద, నా మీద. మూడేండ్లు కాలికి పుండుంటే చూపించుకోలేదు. అరిచి అరిచి సాలైనాకే సరేలే అంటాము. నేను సర్దుకున్నానని చెప్పుకునే మాయమ్మోళ్ల మాదిరే నువ్వూ రాసినావే!"

తిరుగు బస్సులో ఫోన్లో ఆమె మొదట మాట్లాడిన రికార్డింగ్ మళ్లీ విన్నాను. ‘సరేలే’కు ముందు ఒక మగగొంతు దగ్గు స్పష్టంగా ఉంది. మాటలన్నీ పొల్లుపోకుండా రాసుకున్న నేను ఆ దగ్గును రాయలేదు. గదిలో ఎవరున్నారన్నదీ రాయలేదు. గుర్తు చేసుకుంటే, పదిమందిలో ఏడుగురి దగ్గర భర్త పక్కనే ఉన్నాడు. పేషెంటుతో మాట్లాడేటప్పుడు కుటుంబాన్ని బయట కూర్చోబెట్టాలని ఆరేళ్లు వార్డులో అందరికీ చెప్పినదాన్ని!

మేడమ్ మండిపడ్డారు. "ఇప్పుడు వచ్చి చెప్తాండావా? ఒక మాట అటూ ఇటూ అయితే ఎవరు చూస్తారు?"

"ఆ మాట మీదే అధ్యాయం ఉండాది మేడమ్."

మిగతా ఆరు ఇళ్లకూ మళ్లీ తిరిగాను. ఒకామె తలుపు తీయలేదు. ఇద్దరు అప్పటికే పుట్టింటికి వెళ్లిపోయారు. మిగిలిన ముగ్గురూ విడిగా కూర్చున్నాక వేరే మాటలు చెప్పారు. గడువు దాటిపోయి ఆరు నెలలు పోయాయి. నా బ్యాచ్ వాళ్లు ఉద్యోగాల్లో చేరి ఫొటోలు పెడుతుంటే, నేను హాస్టల్ గదిలో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఆ గొంతులనే మళ్లీ మళ్లీ విన్నాను. అధ్యాయం పేరు ‘నోరు మూసుకున్న కోపం’ అని మారింది. మొదట ఎలా తప్పుగా అర్థం చేసుకున్నానో ఒక పేజీ రాసి చేర్చాను.

వైవాకు వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గరే ఆగాడు.

"ఇది తీసేయండమ్మా. మీ లోపం మీరే బయటపెట్టుకుంటున్నారు."

"అది తీసేస్తే తక్కినదాన్ని నమ్మడానికి కారణం ఉండదు సార్."

పాసయ్యాను, మా బ్యాచ్‌లో అందరికన్నా తక్కువ మార్కులతో. పేజీ మాత్రం తీయలేదు.