మేకు మీద లేని టోపీ

రోడెర్‌బాక్ పట్టణ చరిత్ర రాయబూనినవారు రాజులనూ యుద్ధాలనూ ద్రాక్షతోటల తెగుళ్లనూ కాస్త పక్కకు జరిపి, ముందుగా ఒక టోపీని ప్రస్తావించక తప్పదు. అది ఐమే అనే కుర్రవాడి బెరే. నల్ల ఉన్నిది, అంచున చిమటలు కొట్టినది. ఫుట్‌బాల్ ఆట మొదలయ్యే ముందు ఐమే ఆ బెరే తీసి, గోల్ కుడి స్తంభం వెనక ఉన్న మేకుకు తగిలించి, స్తంభాన్ని రెండుసార్లు తట్టేవాడు. ఆ కాసేపూ మైదానం చుట్టూ ఒక్కరూ నోరు విప్పేవారు కారు. చర్చిలో పాదిరిగారికి కూడా దక్కని నిశ్శబ్దం అది.

ఈ చరిత్రలో అన్యాయమైపోయినవాడు ఫ్రిడోలిన్. ఆ మేకు కొట్టింది అతను.

ఫ్రిడోలిన్ సారా పీపాలు కట్టే పనివాడు. కింది తరగతి లీగులో, వానలో, నలుగురైదుగురు ముసలివాళ్ల సమక్షంలో ఏళ్ల తరబడి ఆ గోల్ కాసింది అతనే. కోటు తగిలించుకోవడానికి మేకు కొట్టుకున్నాడు. ఆ కోటును చూసి ఎవరైనా మాట ఆపిన దాఖలాలు లేవు. తర్వాత అతని భార్య సలోమేకు స్వయానా తమ్ముడైన ఐమే ఏపుగా ఎదిగివచ్చి, గోల్‌తో పాటు మేకును కూడా ఆక్రమించుకున్నాడు.

ఆ వెనకే రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వచ్చి, ఫ్రాన్సు సరిహద్దులో ఉన్న మా ఆల్సాస్ ప్రాంతాన్ని తమ దేశంలో కలిపేసుకున్నారు. పాత లీగు తీసేసి కొత్తది పెట్టి, ఏ లెక్కన చూశారో గాని, రోడెర్‌బాక్‌ను అందరికంటే పై తరగతిలో కూర్చోబెట్టారు. ఫ్రిడోలిన్ జీవితమంతా కలగన్న లీగు ఇంటికే వచ్చి తలుపు తడితే, తలుపు తీసింది బావమరిది. ఆట మధ్యలో మనిషిని మార్చే పద్ధతి అప్పట్లో లేదు. ఐమే మంచాన పడితే తప్ప ఫ్రిడోలిన్‌కు చోటు లేదు. ఐమేకు జలుబు కూడా చేసేది కాదు.

కొత్త దొరలు ఫ్రెంచి పేర్లు కూడా మార్చారు. ఐమే కాస్తా కాగితాల మీద అమాటుస్ అయ్యాడు, ఎవరో రోమన్ చక్రవర్తిలాగా. ఫ్రిడోలిన్ అన్నది ముందే జర్మన్ పేరు కాబట్టి దాన్ని మార్చవలసిన అవసరం వాళ్లకు కనబడలేదు. అదీ అతనికి గుచ్చుకుంది.

చివరికి బెరే మీద నిషేధం వచ్చింది. అది ఫ్రెంచివాళ్ల టోపీ, పెట్టుకుంటే జైలు. ఆ రాత్రి ఫ్రిడోలిన్ ఉల్లిపాయల రొట్టె రెండో ముక్క అడిగి మరీ తిన్నాడు. సలోమే అతనికేసి ఓరగా చూసింది.

"ఏమయ్యా, ఊరంతా ఏడుస్తుంటే నీకు ఆకలి పుట్టుకొచ్చిందే?"

ఆదివారం ఐమే టోపీ లేకుండా వట్టి తలతో మైదానంలోకి వచ్చాడు. గోల్ దగ్గర ఆగాడు. చెయ్యి తల మీదికి ఎత్తి, లేని బెరే తీసి, మేకుకు తగిలించి, రెండుసార్లు తట్టాడు. మునుపటికంటే లోతైన నిశ్శబ్దం పరుచుకుంది. తలమీద ఏమీ లేని మగవాళ్లు కొందరు తలమీంచి ఏదో తీసి గుండెకు ఆనించుకున్నారు. టోపీ ఉంటేనే ఓర్వలేకపోయిన ఫ్రిడోలిన్‌కు లేని టోపీతో పోటీపడే దారి తోచలేదు.

పోలీసు జమేదారు అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమోయ్, మీవాడు అక్కడ ఏం తగిలిస్తున్నాడు?"

ఒక్క మాట చాలు, గోల్ తనదవుతుంది. కానీ ఐమే జైలుకెళితే ఏమవుతుందో ఫ్రిడోలిన్ చప్పున ఊహించాడు. ప్రతి ఇంట్లో వాడి ఫోటో వెలుస్తుంది, తన ఇంట్లో అయితే మంచానికి ఎదురుగా.

"వాడికి చెమట ఎక్కువండీ. తుడుచుకుని విదిలిస్తాడు," అన్నాడు.

ఇంత బలమైన అసూయ ఆ ఊళ్లో మరొక మనిషిని కాపాడినట్టు తెలియదు.

మరుసటి శరత్తులో ఐమే ఈడు కుర్రవాళ్లందరినీ జర్మన్ సైన్యంలోకి లాక్కుపోయారు. స్టేషన్‌లో సలోమే తమ్ముణ్ని వదలలేకపోయింది. ఐమే ఆమె భుజం మీదుగా బావ వైపు చూశాడు.

"బావా, ఆ మేకు నువ్వు కొట్టిందేగా. ఇక నువ్వే వాడుకో."

తన మేకును తనకే దానం చేసి పోయాడని ఫ్రిడోలిన్ ఇంటిదాకా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం స్ట్రాస్‌బూర్ జట్టు వచ్చింది. అదే గోల్, అదే పై తరగతి లీగు. ఫ్రిడోలిన్ వారమంతా పీపాల కొట్టులో తలుపు వేసుకుని చెయ్యెత్తడం సాధన చేశాడు. గోల్ దగ్గరికి వెళ్లి, ఊపిరి బిగబట్టి, లేని బెరే తీసి, మేకుకు తగిలించి, రెండుసార్లు తట్టాడు.

నిశ్శబ్దం వచ్చింది. ఇన్నేళ్లుగా అతను కోరుకున్నంతా వచ్చింది. జనం లేచి నిలబడ్డారు. సలోమే కూడా లేచి, చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల చూపులు మాత్రం అతని మీద లేవు, అతని భుజం పక్కనున్న మేకు మీద ఉన్నాయి. రష్యా యుద్ధానికని ఎక్కడో రైల్లో పోతూ కూడా బావమరిది గోల్ వదలలేదని ఫ్రిడోలిన్‌కు అర్థమైంది. ఆట తర్వాత ఇంటికి వెళుతూ సలోమే ఒక్క మాటే అంది.

"అచ్చం వాడిలాగే తట్టావు."

ఎలా కాశావని ఆమె అడగలేదు. ఊళ్లో మరెవరూ అడగలేదు.

ఆ రోజు రోడెర్‌బాక్ ఓడింది, ఫ్రిడోలిన్‌కు ఐదు గోల్స్ పడ్డాయి. అంతకుముందు ఏడాది అదే మైదానంలో, అదే జట్టు మీద, ఐమేకు ఆరు పడ్డాయి.