దీమం గువ్వ విడుదల

2011 వానాకాలంలో నన్ను బయ్యారం వైపు ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసరుగా వేశారు. పైన రేంజరు, కింద బీట్ ఆఫీసర్లు. అడవిలో ఏ తప్పు జరిగినా మొదటి కాగితం రాయాల్సింది మధ్యనున్న మేమే. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. రోడ్ల మీద వంటావార్పులు, కోర్టుల్లో వకీళ్ల బహిష్కరణ. నేనేమో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, చేతిలో రూలు పుస్తకం ఒకటి.

ఒకరోజు బీట్ ఆఫీసరు ఓ తండాలో వెదురు పంజరం చూశానన్నాడు. అందులో మెడ మీద చుక్కలున్న ఆడ గువ్వ. అది దీమం పిట్ట. దాని కూతకు దిగే అడవి గువ్వల్ని వలేసి పడతారు. దీమాన్ని కళ్లు తెరవకముందే తెచ్చి అరచేతిలో మేపుతారు. పట్టినవాటిని ఎన్నింటినైనా అమ్ముతారు గానీ దీమాన్ని అమ్మరు, కొయ్యరు. ఇంటిమనిషి కిందే లెక్క. దీన్ని పెంచిన ముసలాయన ఆ ఎండాకాలమే పోయాడు. ఆయన భార్య హాస్లి అవ్వ వల ముట్టలేదు, పిట్టను మాత్రం ఉంచుకుంది. అడవి పిట్టను బంధించడమే నేరం కాబట్టి, ఇద్దరు పంచుల ముందు పంచనామా రాసి, అవ్వ మీద కేసు పెట్టి, పిట్టను పంజరంతో సహా పట్టుకొచ్చాను.

"దాన్ని అడివిల ఇడువకు సారూ, సచ్చిపోతది. గింజ ఏరుకునుడు దానికి రాదు," అంది అవ్వ. పిట్టను దక్కించుకునే ఎత్తు అనుకున్నాను.

విడుదలకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అది వచ్చేదాకా గువ్వ ఆఫీసులోనే ఉంది. మేం వేసిన జొన్నలు ముట్టలేదు. రెండో రోజు అవ్వ నడిచొచ్చి అరచేతిలో పెడితే తిన్నది. ఆనాటి నుంచి రోజూ వచ్చేది. నేను పద్యాలు చదువుకున్నవాణ్ణి. జత పోయిన గువ్వ తిండి మాని ప్రాణం విడుస్తుందట కదా అన్నానొకసారి. అవ్వ గింజల మీంచి చూపు తిప్పలేదు.

"ఎందుకు తినది సారూ? నేను తింటలేనా?"

నాకు సిగ్గేసింది. మళ్లీ పద్యాల మాట ఎత్తలేదు.

చివరికి ఉత్తర్వు వచ్చింది. వాగు అవతలి అడవికి తీసుకెళ్లి పంజరం తలుపు తీశాను. గువ్వ నడుచుకుంటూ వచ్చి నా బూటు మీద కూర్చుంది. చప్పట్లు కొట్టినా కదల్లేదు. పైన డేగ తిరుగుతోంది. 'విడుదల చేయడమైనది' అని రాసి వచ్చేస్తే అడిగేవాడు లేడు. కానీ ముసలామె చెప్పింది నిజమని కళ్లెదుట కనిపించాక చెయ్యి రాలేదు. గువ్వను తీసుకుని తండాకు పోయి, ఏరుకోవడం నేర్పుతావా అని అడిగాను.

"నేర్పితే పోతది గద సారూ," అంది. అయినా కర్ర పట్టుకుని లేచింది.

వాగు ఒడ్డునే నేర్పింది. మొదటిరోజు గింజలున్న అరచేయి నేలకు ఆనించింది. మర్నాడు గింజలు చేతి పక్కన మట్టిలో పోసింది. ఆపైన బెత్తెడు దూరం, మూరెడు దూరం, తర్వాత గడ్డిలో. గువ్వ తన వైపు వస్తే మొహం తిప్పుకునేది. పన్నెండో రోజు అడవి గువ్వలు దిగి మేస్తుంటే ఇది కూడా వెళ్లి కలిసింది. అవి లేచినప్పుడు లేచింది. మేం పొద్దెక్కేదాకా చూశాం, తిరిగి రాలేదు. అవ్వ మిగిలిన గింజలు అక్కడే పోసి, "దూపైతాంది, నీళ్లున్నయా సారూ?" అంది.

విడుదల నివేదికలో సాక్షి గడిలో ఆమె వేలిముద్ర వేయించాను. ముద్దాయిని సాక్షిగా ఎట్లా పెట్టావని రేంజరు అడిగాడు. గువ్వను విడిచింది ఆమేనని, నేను పక్కన నిలబడ్డానని చెప్పాను. ఆయన సంతకం చేశాడు. కేసు హెచ్చరికతో ముగిసింది.

తలుపు తీయడం నా ఉద్యోగం. విడిచిపెట్టడం దాన్ని పెంచినవాళ్లకే తెలిసిన పని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పెంచిన పిట్టను పట్టిన ప్రతిసారీ పంచనామా కంటే ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఇది ఎవరి చేతిలో తింటుంది?